నాలుగు సెకన్ల కబురు

ఆఫీసులో ఆమెను కిటికీలమ్మ అనేవారు. ఎవరు పెట్టారో గానీ ఆ పేరు అతికినట్టు సరిపోయింది. కంప్యూటరు ముందు పని చేసుకుంటూ ఉంటే తెర మూలన చటుక్కున ఒక చిన్న పెట్టె లేచి, ప్రింటర్లో కాగితం అయిపోయిందనో, కొత్త ఉత్తరం వచ్చిందనో చెప్పి పోతుంది చూడండి, ఆ పెట్టెలు చేయడం ఆమె పని. ఆమె కంపెనీ ఇళ్ళు కట్టేది కాదు, ఇళ్ళు కట్టేవాళ్ళకి తలుపులూ కిటికీలూ చేసి అమ్మేది. బ్యాంకులకీ గోదాములకీ ఆసుపత్రులకీ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలు ప్రతిసారీ కిటికీని మొదటి నుంచి చెక్కుకోలేవు కదా. ఒక్క పిలుపు పిలిస్తే కిటికీ వచ్చి నిలబడాలి. ఆ పిలుపు ఎలా ఉండాలి, పిలిచేవాడు ఏమేం చెప్పాలి, వాడు చెప్పకుండా వదిలేసినవి కిటికీ తనంతట తాను ఎలా చూసుకోవాలి, ఈ ఏర్పాటంతటినీ కలిపి ఇంటర్‌ఫేస్ అంటారు. ఆమె చేసిన ఇంటర్‌ఫేస్ పేరు 'కబురు'. ఎన్ని వేల కంప్యూటర్లలో అది రోజూ లేచి కూర్చుంటుందో ఆమెకే లెక్క తెలియదు.

ఇంట్లో మాత్రం ఆమె ఉత్త చిట్టి. అమ్మానాన్నలు పోయాక అన్నయ్యా వదినల దగ్గరే ఉంటోంది. అన్నయ్య సరుకుల గోదాములో గుమస్తా. లారీలో వచ్చిన సరుకు ఏ షెడ్డుకి పోవాలో చెప్పడం అతని ఉద్యోగం. హమాలీలు అతన్ని 'రైలు' అనేవారు. లారీ కాగితం చేతిలో పెట్టగానే పై నుంచి కింద దాకా ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేసి, "మూడో షెడ్డు, ఎడమ వైపు, పదండి!" అనేవాడు. ఆ చదువు వినడానికే డ్రైవర్లు లారీ దిగి వచ్చి నిలబడేవారు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా తిరిగొచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి. చదువు మాత్రం సగం దారిలో ఆగిపోయింది. అక్షరాలు కనిపిస్తాయి గానీ చిన్నపిల్లాడిలా కూడబలుక్కుంటే తప్ప మాట కావు. మెదడుని తొందరపెట్టకండి, మెల్లగా వస్తుందన్నాడు డాక్టరు. మెదడుకి తొందర లేకపోవచ్చు, గోదాముకి ఉంది.

గోదాము మేనేజరు మంచివాడే. మంచివాడు కాబట్టే వెంటనే తీసెయ్యలేదు. "కొన్నాళ్ళు చెయ్యండి. లోడ్లు బాగా వచ్చే రోజు చూసుకుని నేనే మీ పక్కన కూర్చుంటాను. ఆ రోజు తప్పు రాకపోతే ఈ కుర్చీ మీదే," అన్నాడు. కుర్చీ పోతే ఏమిటన్నది ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. జబ్బుతో ఇంట్లో ఉన్న నెలల్లో అన్నయ్య గోడకేసి చూస్తూ ఎలా కూర్చునేవాడో ముగ్గురికీ తెలుసు. మళ్ళీ గోదాముకి వెళ్ళిన మొదటి రోజు సాయంత్రం అతను గడపలోంచే "కాఫీ!" అని కేకేస్తే వదిన వంటగదిలో నిలబడి ఏడ్చేసింది.

"ఈ కొత్త కంప్యూటర్లో ఒక దయ్యం ఉందే చిట్టీ," అన్నాడు అన్నయ్య ఒక రోజు భోజనాల దగ్గర. "కాగితం మీద సరుకు నంబరూ, పెట్టెలు ఎన్నన్నదీ ఉంటాయి, అంతే. అసలు సంగతి ఆ మూలన పెట్టెలో చెబుతుంది. నేను మొదటి మాట కూడబలుక్కునేలోపు మాయం! నంబరు మళ్ళీ కొట్టినా రాదు. మొన్న చల్లగదికి పోవాల్సిన మందుల్ని ఇనుప సామాను షెడ్డుకి పంపేశాను. హమాలీలు చూసుకుని వెనక్కి తెచ్చారు గనక బతికిపోయాను. ఇప్పుడు నా పేరేంటో తెలుసా? గూడ్సుబండి!"

అని తనే నవ్వాడు. ఎవరూ అందుకోకపోయేసరికి తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"నువ్వు కంప్యూటర్ల మనిషివే కదమ్మా," అంది వదిన. "ఒక్కసారి వెళ్ళి చూడకూడదూ?"

మర్నాడు మధ్యాహ్నం చిట్టి ఆఫీసులో చెప్పి గోదాముకి వెళ్ళింది. అన్నయ్య గది అద్దాల గది. దుమ్ముకి అద్దాలు బూడిద రంగుకి తిరిగాయి. బయట లారీల మోత. అన్నయ్య సరుకు నంబరు కొట్టాడు. తెర కింద కుడి మూలన పెట్టె లేచింది. మూలలు గుండ్రంగా, కింద పల్చటి నీడతో, మెత్తగా.

నిజం చెప్పాలంటే ముందు ఆమెకు కలిగింది సంతోషం. నా కిటికీ! ఇంత దూరం వచ్చిందా, అనుకుంది. తల్లి తన బిడ్డని వేరే ఊరి బడిలో చూసుకున్నట్టు మురిసిపోయింది. ఆ మురిపెం తీరకముందే పెట్టె కరిగిపోయింది. పక్కన అన్నయ్య పెదవులు ఇంకా మొదటి మాట మీదే కదులుతున్నాయి.

"చూశావా? ఇదే," అన్నాడు అన్నయ్య.

చూసింది. ఆ సమయం ఎంతో ఆమె లెక్కపెట్టక్కర్లేదు. నాలుగు సెకన్లు. ఆ నాలుగుని అక్కడ పెట్టింది ఆమే.

కబురు చేస్తున్న రోజుల్లో ఆమె అనుకున్నది వేరు. కిటికీని పిలిచేవాడు రెండు సంగతులు తప్పకుండా చెప్పి తీరాలి, ఏం రాయాలన్నది ఒకటి, ఎంతసేపు ఉండాలన్నది ఒకటి. చెప్పకపోతే కిటికీ రానే రాకూడదు. టీమ్ పెద్దాయన ఒప్పుకోలేదు. "పిలిచేవాడు బద్ధకస్తుడమ్మా. ఎన్ని ప్రశ్నలడిగితే అన్ని తిట్లు మనకి. ఒక్క లైన్లో పనైపోవాలి," అన్నాడు. సరే, సమయం చెప్పకపోతే మనిషి వచ్చి మూసేదాకా కిటికీ అలాగే ఉండాలని తీర్మానించుకున్నారు. కానీ పరీక్షలు నడిపేటప్పుడు వందల కిటికీలు ఒకదాని వెనక ఒకటి తెరుచుకునేవి. ఒక్కోదాన్నీ మూస్తూ ఎవరు కూర్చుంటారు? అందుకని ఆ చోట తాత్కాలికంగా నాలుగు అని వేసింది. విడుదలకి ముందు తీసేద్దాం అనుకుంది. తాత్కాలికం అని పెట్టినంత శాశ్వతమైనది ఆ వృత్తిలో మరొకటి ఉండదు.

విడుదలకి ముందు అందరూ కూర్చుని చూశారు. మూలలు ఎంత గుండ్రంగా ఉండాలని ఒక పూటంతా కొట్టుకున్నారు. నీడ ఎటు పడాలని ఇంకో పూట. ఆ నాలుగు మీద ఒక్కరి కన్నూ పడలేదు. ఆమె కన్ను కూడా పడలేదు. పరీక్షల్లో ఎన్నోసార్లు ఆ కిటికీ వచ్చిపోవడం చూసింది గానీ తొందరగా పోతోందని ఏనాడూ అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? అందులో రాతలన్నీ ఆమె రాసినవే. తను రాసుకున్నదాన్ని ఎవరూ కూడబలుక్కుని చదవరు.

గోదాము నుంచి తిరిగొస్తూ దారిలోనే, ఆ గోదాము సాఫ్ట్‌వేర్ రాసిన కంపెనీకి ఫోన్ చేసింది. ఎత్తినతను మర్యాదగానే మాట్లాడాడు.

"మేమేం టైమ్ పెట్టలేదు మేడమ్. మెసేజ్ ఇచ్చాం, అంతే. మిగతాదంతా ఆ కబురే చూసుకుంటుంది. ఒక్క లైనండీ! ఎవరు చేశారో గానీ చాలా బాగా చేశారు."

"ఆ ఒక్క లైన్లో సమయం ఎక్కువ పెట్టి మళ్ళీ ఇవ్వగలరా?"

"ఆ గోదాము వెర్షన్ మీద ఇప్పుడెవరూ పని చెయ్యట్లేదండీ. అది రాసిన టీమే లేదు."

ఆమె నేరుగా పెద్దాయన గదికి వెళ్ళింది. దాచకుండా మొత్తం చెప్పింది. ఆ నాలుగు తను పరీక్షల కోసం పెట్టిందేననీ, తీయడం మర్చిపోయాననీ, దానివల్ల తన అన్నయ్య ఉద్యోగం పోయేలా ఉందనీ. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయ్యో," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "కానీ ఇప్పుడా నాలుగు తీసేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? ఎక్కడెక్కడో మనిషి లేని యంత్రాల మీద కిటికీలు మూసే దిక్కులేక పేరుకుపోతాయి. ఆ నాలుగుని నమ్ముకుని ఎంతమంది ఏమేం కట్టుకున్నారో మనకేం తెలుసు? ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోకూడదు. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఈ ముక్క చెప్పేది నువ్వే కదమ్మా!"

నిజంగానే చెప్పేది, గర్వంగా చెప్పేది. అయినా పట్టుబడితే మీటింగు పెట్టించాడు. అక్కడ తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నారు. చూసినవాళ్ళం మేమూ పట్టుకోలేదుగా అన్నారొకరు. వాడేవాళ్ళు మనమిచ్చే పుస్తకం చదువుకోవాలి, నాలుగు అని అందులో స్పష్టంగా ఉంది అన్నారింకొకరు. తర్వాతి పెద్ద వెర్షన్లో చూద్దామని తేల్చారు. చూసినా లాభం లేదు, గోదాము కంప్యూటర్లో ఉండేది పాత కబురే. అందులో బయటివి ఏవీ ఎక్కించడానికి వీల్లేదని మేనేజరు ముందే చెప్పేశాడు. ఆ మీటింగులో 'తప్పు నీది' అన్న మాట మాత్రం ఒక్కరి నోట్లోంచీ రాలేదు. ఎవరైనా అంటే బాగుండునని ఆమె ఎదురుచూసింది.

ఒక్క సందు మిగిలింది. కిటికీ ఉన్నంతలో మౌస్ బాణాన్ని దాని మీదికి తెచ్చి నిలిపితే గడియారం ఆగిపోతుంది. బాణం అక్కడున్నంతసేపూ కిటికీ కదలదు. చదివేవాళ్ళకి వీలుగా ఉంటుందని అది కూడా ఆమే పెట్టింది. అన్నయ్య కుడి చెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది గానీ, నేర్పితే రాకపోతుందా అనుకుంది.

అలా సాయంత్రాలు బడి మొదలైంది. భోజనాల బల్ల మీద చిట్టి ల్యాప్‌టాప్. గోదాములో వచ్చేలాంటి కిటికీలే ఉన్నట్టుండి లేచేలా ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. పక్క గదిలో వదిన బట్టలు కుడుతూ ఉండేది. కిటికీ లేచినప్పుడు వచ్చే చిన్న చప్పుడు వినగానే మిషను ఆపేసి చెవి అటు వేసేది.

మొదట్లో అన్నయ్య చెయ్యి కిటికీ వెంట ఈగని తోలినట్టు పోయేది. "ఈగైనా ఇంతకంటే మర్యాదస్తురాలే," అనేవాడు. "అది మళ్ళీ వచ్చి వాలుతుంది. ఇది పోతే పోయినట్టే." చిట్టి నవ్వలేక నవ్వేది. "చూపు తర్వాత అన్నయ్యా, ముందు చెయ్యి. చప్పుడు రాగానే చదవాలని చూడకు. ముందు బాణం పెట్టెయ్," అనేది. చూడకుండా ఉండటం అతనికి రాలేదు. పుట్టుకతో చదువరి. అక్షరం కనబడితే కన్ను ముందు అటే లాగేది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం చెయ్యి అందుకుంది. బాణం పెట్టె మీద నిలిచింది. పెట్టె ఆగింది. అన్నయ్య ముందుకు వంగాడు. పెదవులు కదిలాయి. "త... డి. తడి. త... గ... ల... తడి తగలరాదు. తడి తగలరాదు!" వదిన చేతిలో గుడ్డతోనే పరిగెత్తుకొచ్చింది. అన్నయ్య బాణం తీయలేదు. చదవడం అయిపోయినా ఆ పెట్టెని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. "ఉండు, కాసేపు చూడనీ," అన్నాడు.

చెప్పెయ్యాలి, ఇది నా పనే అని చెప్పెయ్యాలి అనుకునేది. నోటిదాకా వచ్చిన మాటని రోజూ మింగేసేది. ఇప్పుడు చెబితే అతని చెయ్యి తడబడుతుందేమో. మేనేజరు ముందు నెగ్గాక చెబితే ముగ్గురం కూర్చుని నవ్వుకోవచ్చు. ఆశకి సాకులు కరువా?

మేనేజరు అన్న రోజు వచ్చింది. చిట్టి సెలవు పెట్టి వెళ్ళింది. అద్దాల గదిలో ఆమెను అన్నయ్య వెనక ఉన్న బల్ల మీద కూర్చోమన్నాడు మేనేజరు. అతను కుర్చీ లాక్కుని అన్నయ్య పక్కన కూర్చున్నాడు. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి.

మొదటి లోడు. చప్పుడైంది. చెయ్యి వెళ్ళింది, నిలిచింది. అన్నయ్య నిదానంగా చదివి, "చల్లగదికండీ," అన్నాడు. మేనేజరు తలూపాడు. రెండోది, మూడోది కూడా అందాయి. మధ్యలో ఒక హమాలీ తలుపు దగ్గర నిలబడి, "ఏం రైలన్నా, పట్టాలెక్కావా?" అని పలకరించాడు. అన్నయ్య మెడ నిటారుగా అయింది. చిట్టి వెనక నుంచి ఆ మెడనీ తెరనీ మార్చి మార్చి చూస్తోంది. దేవుడా, ఇంకొక్క గంట, అనుకుంది.

ఆపైన లోడ్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. చేతికి అలసట వచ్చేసింది. వేళ్ళు వణకడం మొదలైంది. పెట్టె లేచింది. బాణం వెళ్ళింది, పెట్టె మీద ఆగకుండా ఇంకాస్త పైకి జారి, మూసే గుర్తు మీద పడింది. బిగుసుకున్న వేలు నొక్కేసింది. నాలుగు సెకన్లు కూడా కాకుండానే పెట్టె మూసుకుపోయింది.

అన్నయ్య ఖాళీ మూలకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఏమనుందండీ?" అన్నాడు మేనేజరు. అతను తెర వైపు చూడలేదు, అన్నయ్య ముఖాన్నే చూస్తున్నాడు.

చదవలేకపోయానండీ అంటే సరిపోయేది. ఆ ఒక్కటికీ మేనేజరు ఏమీ అనకపోయేవాడేమో కూడా. కానీ తలుపు దగ్గర ఆ హమాలీ ఇంకా నిలబడే ఉన్నాడు. ఎన్నో ఏళ్ళు రైలుగా బతికిన మనిషి. అతని నోట్లోంచి ఆ మాట రాలేదు.

"తడి తగలరాదు అనుందండీ," అన్నాడు గడగడా, పాత గొంతుతో. "రెండో షెడ్డు. పంపించెయ్యండి."

రెండో షెడ్డులో ధాన్యం బస్తాలు ఉన్నాయి. పెట్టెలో ఉన్నది వేరు. చిట్టి వెనక నుంచే, ఒక్క చూపులో చదివేసింది. పురుగుమందు, తినే సరుకుతో కలపరాదు. ఆమెకు నాలుగు సెకన్లు ఎప్పుడూ ఎక్కువే.

మేనేజరు తలూపి, తలుపు వైపు తిరిగాడు. హమాలీ కదిలాడు. ఊరుకుంటే కుర్చీ దక్కుతుంది. ఊరుకుంటే ఆ ధాన్యం ఏ ఇళ్ళకి పోతుందో, ఏ పిల్లల కంచాల్లోకి పోతుందో. చిట్టి అడకత్తెరలో పోకచెక్కలా ఒక్క క్షణం కూర్చుంది.

"అది కాదన్నయ్యా," అంది. "పురుగుమందు అది."

మేనేజరు లేచి వెళ్ళి హమాలీని ఆపాడు. తిరిగొచ్చి తనే ఫోన్లో ఆ సరుకు సంగతి కనుక్కుని, ఏ షెడ్డుకో చెప్పాడు. తర్వాత అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ్టికి చాలండి," అన్నాడు. "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి. ఇంక మీరు శ్రమ పడొద్దు." అన్నయ్య తన కాఫీ గ్లాసు కూడా, నీళ్ళ సీసా కూడా సంచీలో పెట్టుకున్నాడు. ఆ రెండూ ఎప్పుడూ బల్ల మీదే వదిలి వచ్చేవాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ముందు అన్నయ్యే మాట్లాడాడు.

"మంచి పని చేశావే. నువ్వు నోరు విప్పకపోతే ఎవరి ప్రాణం మీదికి వచ్చేదో."

ఆమె ఏడుపు ఆపుకుంటోంది.

"ఆ పెట్టె చేసినవాడెవడో గానీ," అన్నాడు బయటికి చూస్తూ, "వాడికి అన్నీ చకచకా అయిపోతాయి కాబోలు. వాడింట్లో నాలాంటి మనిషి ఒక్కడు ఉండుంటే అలా చెయ్యడు."

"నేనే అన్నయ్యా."

"ఏంటి?"

"ఆ పెట్టె చేసింది నేనే. నాలుగు సెకన్లకి పోయేలా పెట్టింది నేనే. తీసేద్దామనుకుని మర్చిపోయాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. నీ ఉద్యోగం తీసింది నేనే."

అన్నయ్య ఆమె వైపు తిరిగి చూశాడు. చూసి చూసి, ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వాడు.

"పిచ్చిదానా," అన్నాడు. "ఊళ్ళో ఉన్న పెట్టెలన్నీ నువ్వే చేశావా ఏంటి? నన్ను ఓదార్చడానికి తప్పు నీ నెత్తినేసుకుంటావా? చిన్నప్పుడూ ఇంతే నువ్వు. అద్దం నేను పగలగొడితే నేనే నాన్నా అని ముందుకెళ్ళి నిలబడేదానివి."

"నిజం అన్నయ్యా. ఒట్టు!"

"సరే, నువ్వే. సంతోషమేనా?" అని ఆమె తల నిమిరాడు. "నా చెయ్యి వణికింది చిట్టీ. పెట్టెని నా వేలే మూసింది. నేను కళ్ళారా చూశాను. దానికి ఎవరేం చేస్తారు?"

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. అతను కళ్ళు మూసుకుని సీటుకి తల ఆనించాడు.

ఇంటికొచ్చేసరికి వదిన గుమ్మంలో ఉంది. సంచీలో నీళ్ళ సీసా చూడగానే ఆవిడకి అర్థమైపోయింది. అన్నయ్య వెళ్ళి గోడకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, "చూడు మీ ఆడపడుచు సంగతి," అన్నాడు. "ఆ కంప్యూటరు పెట్టె తనే చేసిందట. తప్పంతా తనదేనట. దారి పొడుగునా ఒకటే గొడవ."

"వదినా, అబద్ధం కాదు," అంది చిట్టి. "నిజంగా నేనే చేశాను. మా ఆఫీసులో ఎవరినైనా అడగండి."

వదిన దగ్గరికొచ్చి ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"ఊరుకో అమ్మా," అంది. "సాయంత్రాలు అంత కష్టపడి ఆయనకి నేర్పావు. ఇంకెవరు చేస్తారు? కన్నకూతురైనా చెయ్యదు. ఇంక నిన్ను నువ్వు నిందించుకోకు. కాళ్ళు కడుక్కుని రా, భోంచేద్దువు గానీ."

చిట్టి అక్కడే నిలబడిపోయింది. వదిన లోపలికి వెళ్ళి ముగ్గురికీ కంచాలు పెట్టింది. అన్నయ్య గోడకేసి చూస్తున్నాడు. తనను ఒక్క మాట తిట్టేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.